మీ ప్రశ్న - మా జవాబు: ఆ అకౌంట్ నాది కాదండీ!

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. సోషల్ మీడియాలో నా పేరు, నా ఫొటో, నా నంబరు ఎవరి చేతిలో పడుతున్నాయి, పడ్డాక ఏం చేయాలి అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాం. పేర్లు ఎవరివీ వేయడం లేదు, ఎందుకో మీకు తెలుసు.

ప్రశ్న: నా పేరుతో, నా ఫొటోతో ఎవరో ఫేస్‌బుక్‌లో ఇంకో అకౌంట్ తెరిచి మా స్నేహితులందరికీ "అర్జెంటుగా డబ్బు కావాలి, రేపు ఇచ్చేస్తా" అని మెసేజ్‌లు పెడుతున్నారు. వెంటనే పాస్‌వర్డ్ మార్చాను. అయినా ఆగలేదు. విచిత్రం ఏమిటంటే నేను ఎంత వెతికినా ఆ అకౌంట్ నాకు కనిపించడమే లేదు. ఏం చేయాలి సార్?

జవాబు: పాస్‌వర్డ్ మార్చడం మంచిదే కానీ దానితో ఇక్కడ పని జరగదండీ. మీ అకౌంట్‌లోకి ఎవరూ దూరలేదు. మీ పేరు, ప్రొఫైల్ ఫొటో, కవర్ ఫొటో అందరికీ కనిపించేవే కదా, వాటిని దించుకుని పక్కనే ఇంకో అకౌంట్ తెరిచారు. హ్యాకింగ్ వేరు, ఇది వేరు, దీన్ని క్లోనింగ్ అంటారు. అది మీకు కనిపించకపోవడంలో విచిత్రమేమీ లేదు, ఇలాంటివాడు అకౌంట్ తెరవగానే చేసే మొదటి పని అసలు మనిషిని బ్లాక్ చేయడమే.

కాబట్టి మీ ఫోన్ పక్కన పెట్టి, మెసేజ్ అందుకున్న స్నేహితుడి ఫోన్‌లో ఆ ప్రొఫైల్ తెరిపించండి. స్క్రీన్‌షాట్లు తీయించండి, ప్రొఫైల్ లింకు కాపీ చేయించి దాచుకోండి. పైన కనిపించే పేరు వాడు ఎప్పుడైనా మార్చుకోగలడు, లింకులో అంకెల ఐడీ ఉంటే మాత్రం అది మారదు. ఇదంతా అయ్యాకే రిపోర్ట్ కొట్టాలి. కంగారులో ముందే రిపోర్ట్ చేసేస్తే అకౌంట్ మాయమవుతుంది, దాంతోపాటే పోలీసులకి చూపించడానికి ఉన్న కాస్త ఆధారమూ పోతుంది.

రిపోర్ట్ చేసేటప్పుడు చాలామంది తొందరలో "స్పామ్" అని నొక్కేస్తారు. అది కాదు, వేరొకరిలా నటిస్తున్నారు అనే ఆప్షన్ ఉంటుంది, అందులో "స్నేహితుడు" అని ఎంచుకుని మీ అసలు ప్రొఫైల్ చూపించాలి. వంద మంది తప్పు ఆప్షన్ నొక్కడం కంటే నలుగురు సరైనది నొక్కితే ఎక్కువ ఉపయోగం. మీ వైపు నుంచి కూడా, బ్లాక్ అయినా సరే, ఫేస్‌బుక్ సహాయ కేంద్రంలో నకిలీ అకౌంట్ గురించి తెలిపే ఫారం నింపవచ్చు. అలాగే మీ అసలు గోడ మీద రెండు ముక్కలు రాయండి, "నేను ఎవరినీ డబ్బు అడగలేదు, అడిగినవాడు నేను కాదు" అని. ఎవరైనా ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వాళ్లు గంటల్లోనే తమ బ్యాంకుకీ సైబర్ క్రైమ్ పోలీసులకీ చెప్పాలి, ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతూ ఉంటుంది.

ఇక అసలు సంగతి. వాడు మీ స్నేహితుల దాకా ఎలా వెళ్లగలిగాడు? మీ ఫ్రెండ్స్ లిస్ట్ బార్లా తెరిచి ఉంది కాబట్టి. సెట్టింగుల్లో దాన్ని "ఓన్లీ మీ" చేసేయండి. అప్పటికీ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న స్నేహితులు కనిపిస్తారనుకోండి, అయినా ముక్కూమొహం తెలియనివాడికి మీ లిస్ట్ మొత్తం పళ్లెంలో పెట్టి ఇవ్వక్కర్లేదు.

ఉమ్మడి స్నేహితులంటే గుర్తొచ్చింది. 2009 చివర్లో థామస్ ర్యాన్ అనే అమెరికన్ భద్రతా నిపుణుడు పరీక్ష కోసం రాబిన్ సేజ్ అనే లేని యువతిని సృష్టించాడు. ఫొటో ఇంటర్నెట్‌లో దొరికినది, పేరు అమెరికా సైన్యం చేసే ఒక శిక్షణ విన్యాసానిది. అంత బహిరంగంగా ఉన్నా సైన్యంలో, నిఘా, భద్రతా రంగాల్లో పనిచేసేవాళ్లు వందల సంఖ్యలో స్నేహితులైపోయారు. మనవాళ్లు నలుగురు ఉన్నారు కదా అని ఐదోవాడు, ఐదోవాడిని చూసి ఆరోవాడు. మీ స్నేహితుల్లోనూ ఆ నకిలీ రిక్వెస్టును ఒప్పుకున్నవాళ్లు అలా ఒప్పుకున్నవాళ్లే. పాత స్నేహితుడి నుంచి కొత్త రిక్వెస్ట్ వస్తే ఒక్క ఫోన్ కొట్టి "నువ్వేనా?" అని అడగమనండి.

ప్రశ్న: మా బాబాయి నంబరు నుంచి వాట్సాప్‌లో "పొరపాటున నీ ఫోన్‌కి ఒక కోడ్ వచ్చింది, పంపించమ్మా" అని మెసేజ్ వచ్చింది. బాబాయే కదా అని పంపించాను. పది నిమిషాల్లో నా వాట్సాప్ ఆగిపోయింది. ఇప్పుడు నా పేరుతో అందరికీ అదే మెసేజ్ వెళ్తోందట. చాలా టెన్షన్‌గా ఉంది మేడమ్.

జవాబు: టెన్షన్ పడకమ్మా, నంబరు ఇంకా నీ సిమ్‌లోనే ఉంది కాబట్టి దారి ఉంది. ఆ మెసేజ్ పెట్టింది బాబాయి కాదు, ఆయన అకౌంట్ కూడా అంతకుముందు ఇలాగే పోయి ఉంటుంది. నువ్వు పంపిన ఆరంకెల కోడ్ నీ నంబరుతో వాట్సాప్‌ని వేరే ఫోన్‌లో తెరవడానికి తాళంచెవి.

వెంటనే నీ ఫోన్‌లో వాట్సాప్ మళ్లీ తెరిచి నీ నంబరే ఇచ్చి, ఎస్ఎంఎస్‌లో వచ్చే కొత్త కోడ్ కొట్టు. కొట్టగానే అవతలివాడు బయటికి వెళ్లిపోతాడు. వాడు తెలివిగా టూ-స్టెప్ పిన్ (కోడ్‌తోపాటు అదనంగా అడిగే రహస్య అంకెలు) పెట్టి ఉంటే నీకు ఆ పిన్ అడుగుతుంది, అది తెలియదు కాబట్టి ఏడు రోజులు ఆగాల్సి రావచ్చు, కానీ ఆ ఏడు రోజులూ వాడు కూడా లోపల ఉండలేడు. ఈలోగా బంధువులందరికీ ఫోన్ చేసి చెప్పు. అకౌంట్ చేతికి రాగానే ఆ టూ-స్టెప్ పిన్ నువ్వే పెట్టుకో, లింక్డ్ డివైజెస్‌లో, అంటే నీ వాట్సాప్ తెరిచి ఉన్న ఇతర పరికరాల జాబితాలో, తెలియనిది ఏదైనా ఉంటే తీసేయ్.

ఇదే జాగ్రత్త మిగతా అకౌంట్లన్నిటికీ పనికొస్తుంది. వీలున్నచోట ఎస్ఎంఎస్ కోడ్ బదులు ఆథెంటికేటర్ యాప్ (కోడ్‌ని ఫోన్‌లోనే తయారుచేసేది) గానీ పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తో తెరిచేది) గానీ పెట్టుకోవడం మేలు, ఎందుకంటే నంబరునే కాజేసేవాళ్లున్నారు. 2019 ఆగస్టులో సాక్షాత్తూ అప్పటి ట్విటర్ (ఇప్పటి ఎక్స్) అధిపతి జాక్ డోర్సీ ఫోన్ నంబరును దొంగలు చేజిక్కించుకుని ఆయన అకౌంట్ నుంచే బూతు పోస్టులు పెట్టారు. ఆయనకే తప్పలేదు.

ప్రశ్న: నేను కవితలు, అభిప్రాయాలు మారుపేరుతో రాస్తుంటాను. అసలు పేరుతో రాస్తే ఇంట్లో, ఆఫీసులో గొడవలవుతాయి. మారుపేరు పెట్టుకోవడం తప్పా? పైగా మొన్న ఇన్‌స్టాగ్రామ్ మా మేనేజర్‌కే నా మారుపేరు అకౌంట్‌ని "మీకు తెలిసినవారు కావచ్చు" అన్నట్టు చూపించింది!

జవాబు: మారుపేరు తప్పేమీ కాదండీ. ఇంకొకరిలా నటించి మోసం చేయడం తప్పు, మీ మాటకి వేరే పేరు పెట్టుకోవడం కాదు. ఎక్స్, ఇన్‌స్టాగ్రామ్, రెడిట్ మారుపేర్లకి అభ్యంతరం చెప్పవు. ఫేస్‌బుక్ మాత్రం నిత్య జీవితంలో వాడే పేరే ఉండాలంటుంది. 2014లో ఆ నిబంధన కింద ఆడవేషం కట్టి రంగస్థలం పేర్లతో ఉండే కళాకారుల అకౌంట్లు చాలా మూసేస్తే పెద్ద గొడవై కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. వేధించేవాళ్ల నుంచి దాక్కుని బతికే ఆడవాళ్ల సంగతేమిటి అని అప్పుడే చాలామంది అడిగారు. అసలు పేరుంటే అందరూ మర్యాదగా ఉంటారన్న వాదన నాకు ఎప్పుడూ ఎక్కలేదు, సొంత పేరూ ఫొటో పెట్టుకుని మరీ తిట్టేవాళ్లని రోజూ చూస్తూనే ఉన్నాం.

సమస్య మారుపేరుతో కాదు, దాని వెనక మీరు ఇచ్చిన ఫోన్ నంబరుతో. మీ మేనేజర్ ఫోన్‌లో మీ నంబరు ఉంటుంది. ఆయన ఎప్పుడో "కాంటాక్ట్స్ సింక్ చేయాలా?" అంటే సరే అన్నాడు, దాంతో ఆయన ఫోన్‌లోని నంబర్లన్నీ కంపెనీకి చేరాయి. మీరు మారుపేరు అకౌంట్‌కి అదే నంబరు ఇచ్చారు. కంపెనీ కంప్యూటర్‌కి మీ పేరుతో పనేముంది, రెండు నంబర్లు ఒకటే అని చూసింది, కలిపేసింది. మీరు మీ కాంటాక్ట్స్ అప్‌లోడ్ చేసినా ఇంతే. కాబట్టి ఆ అకౌంట్ నుంచి నంబరు తీసేసి, ఇంకెక్కడా వాడని కొత్త మెయిల్ ఐడీ ఇవ్వండి. కాంటాక్ట్స్ సింకింగ్ ఆపేయండి, ఇప్పటికే ఎక్కినవి తొలగించే ఆప్షన్ కూడా ఉంటుంది. ఇతరుల సజెషన్లలో మీ అకౌంట్ కనిపించకుండా చేసే సెట్టింగు ఇన్‌స్టాగ్రామ్ వెబ్‌సైట్‌లో ప్రొఫైల్ ఎడిట్ చేసేచోట ఉంటుంది, దాన్నీ ఆపండి.

ఇంకో మాట. రెండు అకౌంట్లలో ఒకే ఫొటో వాడొద్దు, రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో, అంటే ఫొటో ఇచ్చి అది ఇంకెక్కడుందో వెతికితే, దొరికిపోతుంది. పాత యూజర్‌నేమ్ మళ్లీ వాడొద్దు. ఆఫీసులో జరిగిన సంగతిని ఆ సాయంత్రమే కవితగా పెట్టొద్దు, ఆ గదిలో ఉన్నవాళ్లకి మిమ్మల్ని పట్టుకోవడానికి ఏ కంప్యూటరూ అక్కర్లేదు.

ప్రశ్న: పుట్టినరోజు పెట్టుకుంటే కూడా ప్రమాదమేనా? శుభాకాంక్షలు వస్తాయని పెట్టుకున్నా అంతే!

జవాబు: రోజూ నెలా ఉంచండి, సంవత్సరం దాచేయండి. శుభాకాంక్షలకి సంవత్సరంతో పనిలేదు. 2000లో లటన్యా స్వీనీ అనే పరిశోధకురాలు అమెరికాలో లెక్క వేసి చూపించింది, పూర్తి పుట్టిన తేదీ, స్త్రీయా పురుషుడా అన్నది, పిన్‌కోడ్ లాంటి వాళ్ల జిప్ కోడ్, ఈ మూడూ కలిస్తే 87 శాతం మందిని ఇంకెవరితోనూ కలవకుండా విడిగా గుర్తించవచ్చని. పేరు అవసరమే లేదు. విడివిడిగా చూస్తే మూడూ ఎవరికైనా చెప్పేసే సంగతులే.

2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన సారా పాలిన్ యాహూ మెయిల్‌లోకి ఒక కాలేజీ కుర్రాడు దూరింది కూడా ఇలాగే. పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కితే పుట్టిన తేదీ, జిప్ కోడ్, భర్తని ఎక్కడ కలిశారు అని అడిగింది, అన్నీ బయట దొరికేవే. మీ "సెక్యూరిటీ ప్రశ్నల"కి నిజం జవాబులు ఇవ్వాలని రూలేమీ లేదు. మొదటి పెంపుడు కుక్క పేరు అడిగితే కుక్కకి ఎవరూ పెట్టని పేరు రాసి ఎక్కడైనా భద్రంగా దాచుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. అకౌంట్ కావాలంటోంది. పాస్‌వర్డ్ నాకు ఇస్తేనే అన్నాను. ఇంట్లో యుద్ధం.

జవాబు: పాస్‌వర్డ్ తీసుకుంటే ఏమవుతుందో చెప్పనా? మీకు తెలియని రెండో అకౌంట్ పుడుతుంది. నేనైతే అడగను. దానికి బదులు ఒక్క మాట ఇస్తాను, "ఏదైనా తేడా జరిగితే నా దగ్గరికి రా, ఫోన్ లాక్కోను" అని. పిల్లలు బెదిరింపులు దాచిపెట్టేది చాలాసార్లు బెదిరించినవాడి భయంతో కాదు, ఫోన్ పోతుందన్న భయంతో.

పట్టుబట్టాల్సింది పుట్టిన సంవత్సరం దగ్గర. అమెరికాలో 1998లో వచ్చిన పిల్లల గోప్యతా చట్టం వల్ల చాలా సైట్లు పదమూడేళ్లు నిండాలంటాయి. ఆస్ట్రేలియా అయితే 2025 డిసెంబరు నుంచి పదహారు లోపువాళ్లకి ప్రధాన సోషల్ మీడియా అకౌంట్లే వద్దంది. దీన్ని దాటడానికి పదేళ్ల పిల్లలు పద్దెనిమిది అని కొట్టేస్తారు, అక్కడితో ఆ సైటు దృష్టిలో వాళ్లు పెద్దవాళ్లు. టీనేజర్లకి అకౌంట్ తనంతట తానే ప్రైవేట్‌గా ఉండడం, తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేకపోవడం లాంటి రక్షణలు వాళ్లకి దక్కవు. అసలు వయసుతోనే తెరిపించండి. ఇక మీరు ఆ పాప పుట్టినప్పటి నుంచీ పెట్టిన ఫొటోలు, యూనిఫాం మీద స్కూలు పేరుతో సహా, ఎందరికి కనిపిస్తున్నాయో కూడా ఓసారి చూసుకోండి సార్.

ప్రశ్న: ఒక అమ్మాయి ప్రొఫైల్ నుంచి రిక్వెస్ట్ వచ్చింది. వీడియో కాల్ చేసింది. దాన్ని రికార్డు చేసి డబ్బు పంపకపోతే మా వాళ్లందరికీ పంపిస్తామంటున్నారు. ఒకసారి పంపాను. మళ్లీ అడుగుతున్నారు. చచ్చిపోవాలనిపిస్తోంది. పేరు వేయకండి.

జవాబు: తమ్ముడూ, నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఇది చదవగానే ఇంట్లోనో స్నేహితుల్లోనో నమ్మకమైన ఒక్కరికి జరిగింది చెప్పు. ఇవాళే. ఈ రాత్రి ఒంటరిగా ఉండకు, ఆ ఆలోచన ఇంకా వస్తుంటే ఆ సంగతి కూడా వాళ్లకి దాచకుండా చెప్పి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమను. మోసం చేసింది వాళ్లు, సిగ్గుపడాల్సింది నువ్వు కాదు. ఇది వాళ్లకి రోజువారీ వ్యాపారం, నీలాంటివాళ్లతో ఒకేసారి ఎందరితోనో మాట్లాడుతుంటారు.

ఇంక పైసా పంపకు. పంపినవాడు మళ్లీ పంపుతాడన్నదే వాళ్ల లెక్క, నీ విషయంలో అదే జరుగుతోంది కదా. జవాబివ్వడం మానెయ్, కానీ చాట్ డిలీట్ చేయకు, ప్రొఫైల్ లింకు, నంబర్లు, డబ్బు పంపిన వివరాలు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి, తర్వాత బ్లాక్ చేసి, సైబర్ క్రైమ్ పోలీసులకి ఫిర్యాదు ఇవ్వు. నీ ఫ్రెండ్స్, ఫాలోవర్స్ లిస్టులు దాచెయ్, వాళ్ల బెదిరింపుకి ఆయుధం ఆ లిస్టే.

ఇలాంటి అంతరంగిక బొమ్మలు అనుమతి లేకుండా సైట్లలోకి ఎక్కకుండా ఆపడానికి స్టాప్ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది, బ్రిటన్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ 2021 నుంచి నడుపుతోంది. నీ దగ్గర ఆ బొమ్మో వీడియోనో ఉంటే నీ ఫోన్‌లోనే దాని నుంచి ఒక అంకెల ముద్ర తయారవుతుంది, ఆ ముద్ర మాత్రమే వెళ్తుంది, బొమ్మ నీ ఫోన్ దాటదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, రెడిట్ లాంటి సైట్లు ఆ ముద్రతో సరిపోలేది ఎక్కితే పట్టుకుంటాయి. ఇందులో చేరని సైట్లలో ఇది పనిచేయదు, అది కూడా చెప్పాలి. బొమ్మలో ఉన్నప్పటికి పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకైతే టేక్ ఇట్ డౌన్ అని ఇలాంటిదే ఇంకోటి ఉంది.

ప్రశ్న: ఫొటో పంపితే అందులో మనం ఉన్న చోటు కూడా వెళ్లిపోతుందా?

జవాబు: కెమెరాకి లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే ఫొటో ఫైలులో అది దాగి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే తీసేస్తుంది, కానీ క్వాలిటీ పోకూడదని డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది. 2012లో పరారీలో ఉన్న జాన్ మెకాఫీ, అదే యాంటీవైరస్ మెకాఫీ, గ్వాటెమాలాలో ఉన్నట్టు బయటపడింది ఓ పత్రిక పెట్టిన ఫొటోలో దాగిన ఈ వివరంతోనే. అనుమానమైతే ఫొటో స్క్రీన్‌షాట్ తీసి అది పంపండి.

ప్రశ్న: నా ప్రొఫైల్ ఎవరెవరు చూశారో చెప్పే యాప్ ఏది మంచిది?

జవాబు: ఏదీ కాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఆ సమాచారం ఏ యాప్‌కీ ఇవ్వవు, చూపిస్తామనేవాళ్లు మీ లాగిన్ కోసం చూస్తున్నవాళ్లు. ఇప్పటికే ఒకటి వేసుకుని ఉంటారని నా అనుమానం! తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, సెట్టింగుల్లో "యాప్స్ అండ్ వెబ్‌సైట్స్" దగ్గర దానికిచ్చిన అనుమతి కూడా రద్దు చేయండి. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన ఆ అనుమతి దానంతటదే పోదు.