ముగింపు ముందే తెలిసిన కథ

ప్రశ్న: నేను సూపర్‌హీరో సినిమాలు వెతుక్కుని చూసే మనిషిని కాను. సంక్రాంతికి వచ్చిన మనవడు ‘ఎక్స్-మెన్: ఫస్ట్ క్లాస్’ పెడితే, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ చివరిదాకా చూశాను. నాకు బాగా నచ్చింది. అయితే ఇది పాత సినిమాలకు ముందుకథ కాబట్టి, వాటిని చూడనివాళ్లకు సగమే అర్థమవుతుందని వాడంటున్నాడు. నేను చూసింది సగం సినిమానేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

జవాబు: అయ్యవారికి నమస్కారం. మీరు చూసింది నిండు సినిమానే. మీ మనవడు మీ పక్కనే కూర్చుని కాస్త వేరే సినిమా చూశాడు, అంతే తేడా. మాథ్యూ వాన్ దర్శకత్వంలో 2011లో వచ్చిన ఈ చిత్రానికి ముందు, 2000 నుంచి ఆ వరుసలో నాలుగు చిత్రాలు వచ్చాయి. ఎదుటివాళ్ల మనసులోకి చొరబడగల ఆచార్యుడు చార్లెస్ జేవియర్ వాటిలో చక్రాల కుర్చీలో కనిపిస్తాడు. లోహాన్ని తాకకుండానే వంచగల మాగ్నెటో అతనికి పాత మిత్రుడు, ఇప్పటి ప్రత్యర్థి. వాళ్లిద్దరూ యువకులుగా ఉన్న 1962కు వెళ్లి, ఆ స్నేహం ఎలా కుదిరిందో, ఎలా చెడిందో చెప్పేది మీరు చూసిన సినిమా. ఈ ఇద్దరూ విడిపోతారనీ, చార్లెస్ కాళ్లు పడిపోతాయనీ మీ మనవడికి మొదటి నిమిషం నుంచే తెలుసు. మీకు తెలియదు. వాడు ఎదురుచూస్తూ కూర్చున్న చోట మీరు ఉలిక్కిపడి ఉంటారు.

ముగింపు తెలిసిన కథను చూడడం మన ప్రాంతం వాళ్లకు కొత్త కాదు. మన పల్లెల్లోని ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరిగే రోజుల్లో పగలు హరికథ, రాత్రి వీధి నాటకం నడుస్తాయి. చివరి రోజున మట్టితో చేసిన అంతెత్తు దుర్యోధనుడి బొమ్మ తొడ మీద భీముడి వేషధారి గద వేస్తాడని అక్కడ చేరిన చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. అయినా జనం తోసుకుంటూ ముందుకు వెళతారు. వాళ్లకు కావలసింది దుర్యోధనుడు పడతాడా లేదా అన్నది కాదు. ఈ ఏడాది వేషం కట్టినవాడు ఎలా ఆడతాడు, ద్రౌపది జుట్టు ముడివేసుకునే ఘట్టం ఎంతసేపు సాగుతుంది అన్నది. మీ మనవడు ఆ సినిమాను చూసిన తీరు ఇదే.

ఇక మీ పక్షాన ఒక మాట. మంచి ముందుకథ తన లెక్కలు తానే మొదలుపెట్టి తానే తీర్చుకోవాలి. ఇందులో అలా తీరిన లెక్క ఒక నాణెం. 1944లో పోలండ్‌లోని నాజీ నిర్బంధ శిబిరంలో, పెద్దయ్యాక మాగ్నెటో కాబోయే ఎరిక్ అనే యూదు బాలుణ్ణి తల్లి నుంచి విడదీసి లాక్కుపోతుంటే, వాడి దుఃఖానికి ఇనుప గేటు వంగిపోతుంది. ఈ దృశ్యం 2000 నాటి తొలి చిత్రంలోనూ ఉంది. ఆ తరువాతి ఘట్టమే కొత్తది. శిబిరంలోని వైద్యుడు పిల్లవాడికి చాక్లెట్ ఇవ్వజూపి, బల్ల మీద ఒక నాణెం పెట్టి, దాన్ని కదిలించమంటాడు. పిల్లవాడి వల్ల కాదు. తల్లిని గదిలోకి రప్పించి, తుపాకి గురిపెట్టి, మూడు లెక్కపెట్టి కాల్చేస్తాడు. అప్పుడు ఆ గదిలోని ఇనుము సమస్తం నలిగిపోతుంది. కాపలావాళ్ల శిరస్త్రాణాలు వాళ్ల తలల మీదే నొక్కుకుపోతాయి. వైద్యుడు మాత్రం సంబరపడిపోతాడు.

పద్దెనిమిదేళ్ల తరువాత క్యూబా తీరంలో అదే నాణెం మళ్లీ కనిపిస్తుంది. ఆ వైద్యుడే సెబాస్టియన్ షా అన్న పేరుతో ఎరిక్ ఎదుట కదలలేక నిలబడి ఉంటాడు. ఎరిక్ అలాగే మూడు లెక్కపెట్టి, నాణేన్ని గాలిలో మెల్లగా నడిపించి అతని నుదుట్లోకి దించుతాడు. షాను కదలకుండా పట్టి ఉంచింది చార్లెస్ మనసు కనుక, దూరాన ఉన్న చార్లెస్ ఆ బాధకు గావుకేక పెడతాడు. ఒక్క మాట కూడా లేకుండా స్నేహం అక్కడ తెగిపోయింది. ఈ ఘట్టాన్ని అర్థం చేసుకోవడానికి పాత సినిమా ఒక్కటీ అక్కరలేదు. ఈ మాట మీ మనవడికి చెప్పండి.

ప్రశ్న: అందులో ఇద్దరు నాయకులూ ఒక మద్యశాలకు వెళ్లి తమ పేర్లు చెప్పుకుంటారు, అక్కడ కూర్చున్న మనిషి బూతుమాట అనగానే వెనుదిరుగుతారు. నా స్నేహితులందరూ ఈలలు వేశారు. నేను తెల్లమొహం వేశాను. ఏమిటది?
– డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: ఆ మనిషి వుల్వరిన్. 2000 నుంచి ఆ పాత్ర వేస్తూ ఆ వరుసకు ముఖంగా మారిన హ్యూ జాక్‌మన్ ఇందులో కొద్ది క్షణాలే కనిపించి పోతాడు. పాత ప్రేక్షకులకు విసిరిన చిన్న కానుక అది. తెలియకపోతే మీకు పోయేదేమీ లేదు. ఇలాంటివి మితంగా ఉంటేనే ముద్దు. ప్రతి పావుగంటకూ ఒకటి పెట్టి, తెలిసినవాళ్లను నవ్వించి తెలియనివాళ్లను బిక్కమొహం వేయించే ముందుకథలు ఇప్పుడు మరీ ఎక్కువయ్యాయి.

ప్రశ్న: 2006లో వచ్చిన మూడో భాగంలో చార్లెస్, ఎరిక్ ఇరవై ఏళ్ల కిందట కలిసి ఒక ఇంటికి నడుచుకుంటూ వస్తారు. 1962లోనే స్నేహం చెడి, కాళ్లు పడిపోయి ఉంటే ఇది ఎలా కుదురుతుంది? ఇంత పెద్ద తప్పును ఎవరూ చూసుకోలేదా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: మీరు సరిగ్గానే పట్టుకున్నారు, అది కుదరదు. 2014లో వచ్చిన తరువాతి భాగంలో, చార్లెస్ ఒక మందు వాడి తన శక్తిని అణచుకుంటే నడవగలుగుతాడని చూపించారు కాని, ఆ సర్దుబాటు 1973 నాటి కథకే సరిపోతుంది. మీరు చెప్పిన దృశ్యంలో ఇద్దరూ స్నేహంగా కలిసి రావడానికి అది సమాధానం కాదు.

అయితే ఈ పాత్రలకు గతం అన్నది మొదటి నుంచీ తరువాత రాసి అతికినదే. స్టాన్ లీ, జాక్ కిర్బీ ఈ కామిక్‌ను 1963లో ప్రారంభించినప్పుడు మాగ్నెటో ప్రపంచాన్ని ఏలాలనుకునే మామూలు దుష్టుడు. అతన్ని నాజీ శిబిరం నుంచి బయటపడిన మనిషిగా మలచింది 1980ల తొలి ఏళ్లలో క్రిస్ క్లేర్‌మాంట్ రాసిన కథలు. సినిమాకు ప్రాణమైన ఆ నేపథ్యం పాత్ర పుట్టిన సుమారు ఇరవై ఏళ్లకు వచ్చి చేరిందన్నమాట. మరో తమాషా చూడండి: సినిమా పేరు ‘మొదటి తరగతి’ అయినా, కామిక్ తొలి సంచికలోని ఐదుగురు విద్యార్థుల్లో, సినిమాలో చార్లెస్ వెంట ఉండే యువ బృందంలో కనిపించేది బీస్ట్ ఒక్కడే.

నా మట్టుకు నాకు ఈ తేదీల తగాదా కంటే పెద్ద లోపం ఇంకొకటి కనిపించింది. ఏ ప్రమాదం వచ్చినా దానికి తగినట్టు శరీరాన్ని మార్చుకుని బతికి బయటపడగల డార్విన్ అనే యువకుణ్ణి తెచ్చి, ఆ బృందంలో అందరికంటే ముందు అతన్నే చంపేశారు. పాత సినిమాలతో పేచీ వచ్చినా ఓర్చుకోవచ్చు. తాను అరగంట కిందట చెప్పిన మాటతోనే సినిమా పేచీ పడితే, పాత భాగాలు చూడనివాడు కూడా పట్టేస్తాడు.

ప్రశ్న: ఆ సినిమాలో కెనెడీ కనిపిస్తాడు, యుద్ధనౌకలు ఎదురెదురుగా నిలుస్తాయి. ఇందులో జరిగినది ఎంత, కల్పించినది ఎంత?
– గృహిణి, చిత్తూరు

జవాబు: సంక్షోభం నిజం, అతీతశక్తులు కల్పన. సోవియట్ యూనియన్ క్యూబాలో అణుక్షిపణులను దించడం, 1962 అక్టోబరు 22న అమెరికా అధ్యక్షుడు కెనెడీ టెలివిజన్‌లో ఆ సంగతి చెప్పి నౌకా దిగ్బంధం ప్రకటించడం, 28న సోవియట్ నేత క్రుశ్చేవ్ వాటిని వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకోవడం చరిత్ర. టర్కీలో అమెరికా క్షిపణులు ఉన్నమాట కూడా వాస్తవమే. వాటిని తరువాత చడీచప్పుడు లేకుండా తొలగించారు.

సినిమాలో ఆ దిగ్బంధపు గీత దాటబోతున్న సోవియట్ సరుకు నౌకను ఆపడానికి చార్లెస్ ఒక సోవియట్ అధికారి మనసులో దూరి, అతని చేతే దాని మీదికి క్షిపణి వేయిస్తాడు. నిజంగా ఆ అక్టోబరు 27న, అమెరికా నౌకలు చుట్టుముట్టిన ఒక సోవియట్ జలాంతర్గామి లోపల, అణు టార్పెడో ప్రయోగించాలన్న కెప్టెన్ ఆలోచనకు వాసిలీ అర్హిపోవ్ అనే అధికారి అడ్డుపడ్డాడు. బయటి నుంచి అతని మనసును నడిపినవాళ్లు ఎవరూ లేరు.

ప్రశ్న: మా పిల్లలు వేసవి సెలవుల్లో మొత్తం వరుస చూస్తామంటున్నారు. విడుదలైన వరుసలో చూడాలా, కథ జరిగిన వరుసలోనా? మేమిద్దరం ‘ఫస్ట్ క్లాస్’ ఒక్కటే చూశాం.
– బ్యాంకు ఉద్యోగిని, తిరుపతి

జవాబు: ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకు విడుదలైన వరుసే మేలు, ఎందుకంటే ముందుకథ రాసినవాళ్లు మనకు తరువాతి కథ తెలుసని నమ్మే రాస్తారు. పిల్లలు మరీ చిన్నవాళ్లయితే నాణెం ఘట్టాన్ని మీరు పక్కన ఉన్నప్పుడే చూడనివ్వండి. మీరిద్దరూ మాత్రం ‘ఫస్ట్ క్లాస్’ మళ్లీ చూడనక్కరలేదు, నేరుగా 2000 నాటి తొలి చిత్రానికి వెళ్లండి. క్యూబాకు బయలుదేరే ముందు రాత్రి చార్లెస్, ఎరిక్ చదరంగం ముందు కూర్చుని శాంతి సాధ్యమా కాదా అని వాదించుకోవడం మీకు గుర్తుండే ఉంటుంది. తొలి చిత్రం ముగిసే చోట, లోహం పిసరంత కూడా లేకుండా ప్లాస్టిక్‌తో కట్టిన జైలు గదిలో మాగ్నెటో ఉంటాడు. అతన్ని చూడడానికి చార్లెస్ చక్రాల కుర్చీలో వస్తాడు. ఇద్దరూ ముసలివాళ్లయ్యారు. మధ్యలో మళ్లీ చదరంగమే ఉంటుంది, వాదన కూడా దాదాపు అదే.