గర్భిణికి పంటి చిగురు మీద ఎర్ర బుడిపె వస్తే క్యాన్సరేనా?

మీ భార్యకు ఆరో నెల అనీ, చిగురు మీద ఎర్ర బుడిపె వచ్చి, తాకితే చాలు రక్తం కారుతోందనీ, క్యాన్సరేమోననీ అడిగారు. నాకూ సరిగ్గా ఆరో నెలలోనే వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

అప్పుడు చిత్తూరులో పుట్టింట్లో ఉన్నాను. తోతాపురి ముక్కను ఉప్పూకారంలో అద్దుకుని కొరికితే, ముక్క మీద కారం కంటే ఎర్రగా రక్తం. అద్దంలో చూసుకుంటే ముందు పళ్ళ మధ్య దానిమ్మ గింజంత కండ, మెరుస్తూ. పక్కింటి పెద్దమ్మ దాన్ని గుర్రపు వెంట్రుకతో కట్టేస్తే పులిపిరిలా రాలిపోతుందంది. ఆ పని మాత్రం చేయకండి. దాని నిండా సన్నని రక్తనాళాలే; తెగితే రక్తం ఒక పట్టాన ఆగదు.

తిరుపతిలో పళ్ళ డాక్టరమ్మ చూసి, గర్భిణుల్లో కొందరికి హార్మోన్ల వల్ల, పంటి గార వల్ల ఇలా వస్తుందని తేలిగ్గా చెప్పారు. చీటీలో మాత్రం 'ప్రెగ్నెన్సీ ట్యూమర్' అని రాశారు! లీలామహల్ సర్కిల్ దగ్గర మా ఆయన ఆ చీటీ చదివి స్కూటర్ పక్కకు ఆపేశారు. మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. సాయంత్రానికల్లా ఫోన్లలోనే మా అత్తగారు, ఆడపడుచు, ఈయన, ముగ్గురూ తలనీలాలు మొక్కేసుకున్నారు.

నన్నడిగితే ఆ గడ్డ కంటే దాని పేరే ప్రమాదం. ఇంకో పేరు పయోజెనిక్ గ్రాన్యులోమా. 'పయోజెనిక్' అంటే చీము పుట్టించేది. అందులో చీమే ఉండదు! ఇలాంటి పేర్లు పెట్టినవాళ్ళకు కడుపుతో ఉన్న ఆడది ఇంట్లో లేదేమో.

రక్తానికి భయపడి నేను పది రోజులు బ్రష్ మానేశాను. గార పేరుకుని బుడిపె ఇంకాస్త పెరిగింది. తర్వాత క్లీనింగ్ చేయించుకుని, మెత్తని బ్రష్ వాడితే నెమ్మదించింది. తినడానికి అడ్డమైనా, రక్తం మరీ పోతున్నా గర్భంతో ఉండగానే తీస్తారట. కాకపోతే అప్పుడు తీస్తే మళ్ళీ రావచ్చన్నారు. కాన్పు తర్వాత నాది సగానికి తగ్గింది. మిగిలింది మూడో నెలలో చిగురుకు మత్తు సూది వేసి తీసేశారు, పది నిమిషాల పని. ముక్కను బయాప్సీకి పంపారు, క్యాన్సర్ కాదని వచ్చింది. మీరూ ముందు పళ్ళ డాక్టరుకు చూపించండి. కంటితో చూసి నేనూ మీరూ తేల్చేది కాదు.

గడ్డ పోయినా మొక్కు పోదు కదా. పాపకు పుట్టువెంట్రుకలు తీయించిన రోజునే కొండ మీద ఆ ముగ్గురూ వరుసగా కూర్చుని గుండ్లు చేయించుకున్నారు.