నీ నాయికకు వకాల్తా పుచ్చుకోకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన కామిక్ స్క్రిప్టూ అందాయి. స్క్రిప్టును రెండుసార్లు చదివాను, మొదటిసారి పాఠకుడిగా, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ఐదు అధ్యాయాల వరకు పెన్సిలుకు పెద్దగా పని పడలేదు. ఒక ఊరిని తన చేతులతోనే బూడిద చేసిన స్త్రీని నాయికగా నిలబెట్టడానికి ధైర్యం కావాలి, అది నీకుంది. ఆరో అధ్యాయంలో మాత్రం ఒక మాంత్రికుడు ఎక్కడి నుంచో ఊడిపడి, ఆ రోజు ఆమె మనసును ఆడించింది తానేనని ఒప్పేసుకుంటాడు. అక్కడ పెన్సిలు కింద పెట్టేశాను. అప్పటిదాకా నువ్వు ఓపికగా మలుచుకుంటూ వచ్చిన మనిషే అక్కడ మాయమైపోయింది, ఇక దిద్దడానికి ఏముంది?

మార్వెల్ కామిక్స్‌లోని మంత్రశక్తుల నాయిక స్కార్లెట్ విచ్ విషయంలో అభిమానులు ఏళ్ళ తరబడి తగువులాడుకుంటున్నారని, ఆమె చేసిన పనికి క్షమాపణ ఉందా లేదా, ఆమె అసలు పూర్వకథ ఏది అన్న ఆ వాదనలో ఎవరి పక్షం సరైనదో చెప్పమని అడిగావు. తీర్పు చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఆ తగువు ఎందుకు తెగడం లేదో చూస్తే నీ ఆరో అధ్యాయానికి పనికొస్తుందని మాత్రం అనుకుంటున్నాను.

స్కార్లెట్ విచ్ అసలు పేరు వాండా మాక్సిమాఫ్. ఆమె మొదటిసారి కనిపించింది 1964 మార్చి నాటి ఎక్స్-మెన్ నాలుగో సంచికలో. స్టాన్ లీ, జాక్ కర్బీ ఆమెను ప్రతినాయకుడైన మాగ్నీటో ముఠాలో పెట్టారు. ఆమె అక్కడ ఉన్నది దుర్మార్గురాలై కాదు, రుణపడి. మంత్రగత్తె అని వెంటపడిన జనం నుంచి ఆమెను కాపాడింది అతడే. మరుసటి ఏడాది మే నెల నాటి అవెంజర్స్ పదహారో సంచికలో ఆమె తన సోదరుడు క్విక్‌సిల్వర్‌తో కలిసి కెప్టెన్ అమెరికా నడిపే అవెంజర్స్ అనే వీరుల జట్టులో చేరింది. అంటే ఈ పాత్ర జీవితం ప్రాయశ్చిత్తంతోనే మొదలైందన్నమాట. అప్పుడు అది కొన్ని పేజీల్లోనే ముగిసిపోయింది, పేచీ పెట్టినవాళ్ళూ తక్కువే, ఎందుకంటే అప్పటికి ఆమె పూడ్చలేని నష్టం ఎవరికీ చేయలేదు.

ఇక తల్లిదండ్రుల సంగతి. 1974లో విజ్జర్, మిస్ అమెరికా అనే పాతతరం వీరదంపతులు ఆమెను కన్నవారన్నారు. 1979లో అది అబద్ధమని తేల్చి, వుండగోర్ కొండ మీద ఆవు రూపంలో ఉన్న బోవా అనే మంత్రసాని చేతుల్లో ఆమె పుట్టిందన్నారు. 1982లో మాగ్నీటోయే తండ్రి అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా పాఠకులు ఆ మాటనే నమ్ముకుని ఉంటే, 2014లో అదీ కాదన్నారు, ఆపైన ఆమె అసలు మ్యూటెంటే, అంటే పుట్టుకతోనే అసాధారణ శక్తులున్న జాతి మనిషే, కాదన్నారు, కన్నతల్లి పేరు నటాల్యా అనీ ఆమె కూడా తనకు ముందటి స్కార్లెట్ విచ్ అనీ చెప్పారు. అప్పట్లో ఎక్స్-మెన్ సినిమా హక్కులు మరొకరి చేతిలో ఉండటమే దీనికి కారణమని చాలామంది అభిమానుల నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిజమన్నది పక్కన పెట్టు. కథ బయటి అవసరం కోసం కథలోని పేగుబంధాన్ని తెంపారన్న అనుమానం ఒక్కసారి కలిగిందంటే, పాఠకుడు ఆ తరవాత చెప్పే ఏ పూర్వకథనూ మనస్ఫూర్తిగా నమ్మడు. అభిమానులు ఇలాంటి మార్పును రెట్‌కాన్ అంటారు, ఆ మాటను వాళ్ళు పలికే తీరులోనే సగం ఫిర్యాదు వినిపిస్తుంది.

రెట్‌కాన్ అన్నది దానంతట అది తప్పని నేననను. అది పాత పేజీలకు ఏం చేస్తుందో చూడాలి. 2005లో వచ్చిన హౌస్ ఆఫ్ ఎమ్ ఏడో సంచిక చివరి సన్నివేశం తీసుకో. కోపం పట్టలేక కొడుకు క్విక్‌సిల్వర్‌ను చావగొట్టిన మాగ్నీటో ఎదుట వాండా నిలబడి ఉంటుంది. ఆయన తన జీవితమంతా మ్యూటెంట్ల కోసమే ధారపోశానని చెప్పుకున్న మనిషి. ఆ మనిషి ముఖం మీదే ఆమె మూడు మాటలు అంటుంది: ఇక మ్యూటెంట్లు వద్దు. లక్షల మందికి ఆ క్షణంలో శక్తులు పోయాయి, కొందరికి ప్రాణాలే పోయాయి, శక్తి మిగిలినవారు సుమారు రెండు వందల మంది. ఆమె మాగ్నీటో కూతురని తెలిసి చదివినప్పుడు, ఆ మూడు మాటలూ పిల్లలను పక్కకు నెట్టి ఆశయాన్ని పెంచుకున్న తండ్రికి బిడ్డ వేసిన శిక్షలా వినిపిస్తాయి. 2014 తరవాత అదే పేజీని తెరిస్తే బొమ్మ మారలేదు, మాట మారలేదు, కానీ ఆమె తన జాతి కాని జాతిని తుడిచిపెట్టిన పరాయి మనిషిగా కనిపిస్తుంది. ఒకే నేరం, రెండు బరువులు. అభిమానులు ఎవరు తండ్రి అన్న దాని మీద అంతగా కొట్లాడుకోవడం చాదస్తం కాదు, ఆ పేజీకి అర్థం ఏమిటో తేల్చుకోవడానికే వాళ్ళ తాపత్రయం.

ఆ నేరం వెనక ఉన్న దుఃఖం కథ మరీ విచిత్రమైనది. ఆమె భర్త విజన్ కృత్రిమ మానవుడు కనుక పిల్లలు పుట్టే దారి లేదు, అయినా వాండా మంత్రబలంతో గర్భం దాల్చి 1986లో కవలలను కన్నది. 1989లో మరో రచయిత వచ్చి, వాళ్ళు నిజమైన పిల్లలు కారనీ, మెఫిస్టో అనే దుష్టశక్తి ఆత్మలోని తునకలనీ రాశాడు. పిల్లలు మాయమయ్యారు. తల్లి తట్టుకోలేదని, ఆమెకు మంత్రవిద్య నేర్పిన అగాథా హార్క్‌నెస్ ఆమె జ్ఞాపకాల్లోంచి వాళ్ళను తుడిచేసింది. ఒక రచయిత చేసిన సవరణ కథలోకి వచ్చేసరికి ఒక తల్లి కడుపుకోత అయింది. 2004లో ఆ జ్ఞాపకం తిరిగివచ్చి, ఆమె మతి తప్పి, సొంత జట్టునే కూల్చింది. ఆమె ఎవరి చేతుల్లో నలిగిపోయిందో చెప్పమంటే, కొందరు అభిమానులు ప్రతినాయకుల పేర్లు చెప్పరు, రచయితల పేర్లు చెబుతారు. ఆ కోపంలో న్యాయం ఉంది. మితిమీరిన శక్తి ఆడమనిషి చేతికి వస్తే ఆమెకు పిచ్చి పట్టించడం ఈ కామిక్స్‌లో అరిగిపోయిన దారి. 1980లో ఎక్స్-మెన్ అనే మ్యూటెంట్ల జట్టులోని జీన్ గ్రేకూ అదే జరిగింది. నువ్వు కూడా స్త్రీ పాత్ర చేతిలో నిప్పు పెట్టావు కనుక, ఈ ఫిర్యాదును చెవిన పెట్టు.

జీన్ విషయం ఇక్కడే చెప్పేస్తాను. ఫీనిక్స్ అనే విశ్వశక్తితో ఆమె ఒక నక్షత్రాన్ని మింగింది, దాని చుట్టూ తిరుగుతున్న లోకంలో ఐదు వందల కోట్ల మంది చచ్చిపోయారు. ఆమె శక్తులు పోగొట్టుకుని బతికి ఉండేలా ముగింపు ముందే సిద్ధమైంది. అన్ని ప్రాణాలు తీసినదానికి అంత చిన్న శిక్ష చాలదని ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ పట్టుబట్టడంతో, ఎక్స్-మెన్ 137వ సంచికలో ఆమె చనిపోయింది. 1986లో ఆమెను బతికించాల్సి వచ్చినప్పుడు, ఆ పని చేసింది జీన్ కాదు, ఆమె రూపం దాల్చిన ఫీనిక్స్ అనీ, అసలు జీన్ నీళ్ళ అడుగున ఒక కోశంలో నిద్రపోతోందనీ చెప్పారు. చెయ్యి శుభ్రమైంది. కానీ తనలోని రాక్షసిని గుర్తుపట్టి తనే ప్రాణం తీసుకున్న ఆ చివరి నిర్ణయం కూడా ఆమెది కాకుండా పోయింది. నా దృష్టిలో అది చెడ్డ బేరం.

నీ మాంత్రికుడు చేసిందీ అదే. వాండాకూ ఇలాంటి ఊరట 2010, 2012 మధ్య వచ్చిన కథలో దొరికింది. పిల్లలను తిరిగి తెచ్చుకోవాలని ఆమె డాక్టర్ డూమ్ అనే ప్రతినాయకుడి సాయం కోరిందనీ, వాళ్ళిద్దరూ పిలిచిన బయటి శక్తి ఆమెను లోబరచుకుందనీ చెప్పి, నేరంలో పెద్ద వాటాను డూమ్ ఖాతాలో వేశారు. కొందరు అభిమానులు హమ్మయ్య అనుకున్నారు, కొందరు మోసపోయామనుకున్నారు. నేను రెండో గుంపులో ఉన్నాను. చేయని పనికి ప్రాయశ్చిత్తం ఎలా చేసుకుంటుంది? రచయిత నాయికకు వకాల్తా పుచ్చుకుని, సాక్ష్యాలు మార్చి కేసు గెలిపించవచ్చు. కేసు గెలిచాక ఆమె బోను దిగి ఇంటికి వెళ్ళిపోతుంది, కథ మాత్రం ఖాళీ కోర్టులో మిగిలిపోతుంది. ఇది కామిక్స్‌కే పట్టిన జాడ్యమని అనుకోకు. వాల్మీకి అహల్య వచ్చినవాడు ఇంద్రుడని తెలిసే ఒప్పుకుంది, తరవాతి వాళ్ళలో చాలామంది ఆమెకు ఆ సంగతి తెలియదని రాసి కాపాడాలనుకున్నారు. వాల్మీకి అహల్యలో ఉన్న నిప్పు ఆ అమాయకురాలిలో నాకెప్పుడూ కనిపించలేదు.

ఈ తప్పు నేనూ చేశాను. కొత్తలో ఒక పత్రికకు సీరియల్ రాస్తూ, స్నేహితురాలిని నట్టేట ముంచిన పాత్రకు పాఠకుల్లో ఆదరణ పెరుగుతోందని, ఆ పని చేసింది ఆమె కాదు, ఆమె పోలికలున్న చెల్లెలని పదిహేనో వారంలో తేల్చేశాను. ఉత్తరాలు చాలా వచ్చాయి, పొగుడుతూనే. ఒక్క ఉత్తరంలో మాత్రం, ఇన్ని వారాలూ నేను ఎవరి మీద కోపగించుకున్నానో, ఎవరి కోసం ఏడ్చానో ఇప్పుడు తెలియడం లేదని ఉంది. ఆ ఉత్తరానికి జవాబు రాయలేకపోయాను.

ఇక బాగా రాసిన ప్రాయశ్చిత్తం ఎలా ఉంటుందో చూడాలంటే, తాకితే చాలు ఎదుటివారి శక్తులను లాక్కునే రోగ్ అనే అమ్మాయి కథ చదువు. 1981లో అవెంజర్స్ పదో వార్షిక సంచికలో ఆమె మొదటిసారి కనిపించేసరికే కెరోల్ డాన్వర్స్ అనే వీరనారి శక్తులనూ జ్ఞాపకాలనూ లాగేసుకుంది. ఎక్స్-మెన్ గురువు ప్రొఫెసర్ జేవియర్ కెరోల్‌కు జ్ఞాపకాలను తిరిగి ఇవ్వగలిగాడు గానీ, వాటిలోని మమకారాన్ని ఇవ్వలేకపోయాడు. తల్లి ముఖం గుర్తుంటుంది, ఆ ముఖం చూస్తే గుండె కదలదు. అంతటి నష్టం అది. 1983లో ఎక్స్-మెన్ 171వ సంచికలో రోగ్ అదే జేవియర్ గుమ్మంలో నిలబడుతుంది. పశ్చాత్తాపం ఆమెను అక్కడికి తేలేదు. తలలో ఇంకొకరి గొంతు వినిపిస్తుంటే తాను ఎవరో తెలియక, తట్టుకోలేక వచ్చింది. జేవియర్ ఆశ్రయం ఇస్తానంటే జట్టంతా తిరగబడింది. ఈలోగా కెరోల్ అక్కడికి వచ్చింది. రోగ్‌ను చూసింది. మాటా పలుకూ లేకుండా ఒక్క గుద్దు గుద్దితే రోగ్ ఇంటి కప్పు చీల్చుకుని ఆకాశంలోకి ఎగిరిపోయింది. 

ఆ గుద్దు ఉన్న ప్యానెల్ దగ్గర కాసేపు ఆగు, అమ్మాయీ. రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ అక్కడ రోగ్ చేత సంజాయిషీ చెప్పించలేదు, కెరోల్ చేత క్షమింపజేయలేదు. నష్టపోయిన మనిషికి ఆ ఇంట్లో చోటిచ్చి, ఆమె కోపాన్ని పూర్తిగా పలకనిచ్చాడు. రెండు సంచికల తరవాత, తనను అసహ్యించుకుంటున్న జట్టు సభ్యుడు వుల్వరిన్ పెళ్ళాడబోయే మారికోకు అడ్డుపడి, రోగ్ ఆమెకు తగలాల్సిన దెబ్బను తాను తిని చావుబతుకుల్లో పడుతుంది. అప్పుడు వుల్వరిన్ తానుగా ఆమెను తాకి, తన గాయాలు మాన్పుకునే శక్తిని ఆమెకు తీసుకోనిస్తాడు. ఎవరి దగ్గరైనా లాక్కోవడమే తెలిసిన మనిషికి ఒకరు ఇష్టపడి ఇవ్వడం అది. పూర్వకథలో ఒక్క అక్షరం మార్చకుండానే మనిషి మారింది, కెరోల్ గొంతు మాత్రం ఆమె తలలో అలాగే ఉండిపోయింది.

వాండాకు కూడా ఇలాంటి మంచి ఘట్టాలు లేకపోలేదు. 2012లో ఆమె హోప్ అనే అమ్మాయితో చెయ్యి కలిపి, తన పాత శాపపు మాటలనే తిప్పి ఇక ఫీనిక్స్ వద్దని పలికినప్పుడు మ్యూటెంట్లు మళ్ళీ పుట్టడం మొదలైంది. నోటితో చేసిన గాయాన్ని అదే నోటితో మాన్పడం నాకు నచ్చింది. 2021లో, మ్యూటెంట్లు తిరిగి ప్రాణం పోసుకోగల క్రాకోవా దీవి కథల్లో, ఏ నకలూ భద్రపరచకముందే చనిపోయిన మ్యూటెంట్లను కూడా తిరిగి తేగలిగే దారిని ఆమె కనిపెట్టింది. అప్పటిదాకా పిల్లలకు ఆమె పేరు చెప్పి భయపెట్టిన ఆ జాతి ఆమెను ఆదరించింది. ఏడుపుతో కాక పనితో తీర్చుకున్న రుణం కనుక ఆ ఆలోచన మంచిదే. కానీ అంత తొందరగా అందరూ మెత్తబడటం చాలామంది అభిమానులకు మింగుడుపడలేదు, నాకూ పడలేదు. అందరూ సంబరం చేసుకుంటున్న చోట ఒక మూల నిలబడి, నా వాళ్ళు తిరిగి వచ్చినా నువ్వంటే నాకు సరిపడదని చెప్పే ఒక్క మనిషి కోసం నేను వెతికాను.

అభిమానుల మాట ఎంతవరకు వినాలని కూడా అడిగావు. ఏం చేయమంటున్నారో వింటే నీ కథ అతుకుల బొంత అవుతుంది, ఒకరు ఉరి తీయమంటారు, ఒకరు హారతి పట్టమంటారు. ఎక్కడ నొప్పి పుట్టిందంటున్నారో మాత్రం విను, ఆ చోటు చెప్పడంలో వాళ్ళు దాదాపు ఎప్పుడూ పొరబడరు. మందు మాత్రం నువ్వే వెతుక్కోవాలి. వాళ్ళతో వాదనకు దిగకు, నీ నాయిక తరఫున అసలే దిగకు.

పూర్వకథ మార్చాలనిపిస్తే మార్చు. మార్చాక మొదటి అధ్యాయం నుంచి మళ్ళీ చదువు. నీ స్క్రిప్టులో రెండో అధ్యాయం చివర ఆమె ఊరి పొలిమేరలో నిలబడి, అరచేతుల మసిని చీరకు తుడుచుకోబోయి, ఆగి, ఆ చేతులను అలాగే ముందుకు పట్టుకుని నడిచిపోతుంది. మొత్తం స్క్రిప్టులో అంతకంటే గొప్ప ప్యానెల్ లేదు. మాంత్రికుడు వచ్చాక అది ఏమైందో చూశావా? ఆ మసి ఆమెది కాకుండా పోయింది. ఆమె చిన్నప్పుడు ఆ ఊరివాళ్ళు ఆమెకు ఏం చేశారో చెప్పే పూర్వకథ రాస్తే ఆ ప్యానెల్ ఇంకా బరువెక్కుతుంది, ఎందుకంటే అక్కడ కారణం తెలుస్తుందే తప్ప బాధ్యత తప్పదు.

అందుకని మాంత్రికుణ్ణి తీసెయ్. మూడో అధ్యాయంలో కాలిన ఇంటి గోడ పక్కన తాళంచెవి పట్టుకుని కూర్చున్న ముసలాయన ఒకడున్నాడు, రెండు ప్యానెళ్ళ తరవాత నువ్వు ఆయన్ను మరిచిపోయావు. ఆరో అధ్యాయంలో ఆమె ఆయన గుమ్మం కట్టడానికి వెళ్ళనీ. ఆయన ఆమెను గుర్తుపట్టనీ. ఆ తరవాత ఆయన ఏం చేస్తాడో నాకు చెప్పకుండా రాసి పంపు, పెన్సిలు చెక్కి పెట్టుకుంటాను.