పెద్దతాత చావు పుస్తకంలో ఒక పేజీ మన వంశానికి

మనవడికి,

ములెంబె, శాంతి కలుగుగాక. నైరోబీలో మీరంతా కమిటీ వేసుకుని, వాట్సాప్ గ్రూపు పెట్టి, ఫోన్‌లో డబ్బు పంపే ఎంపెసాలో చందాలు పోగుచేస్తున్నారని మీ నాన్న చెప్పాడు. పోయిన మా అన్న గురించి అంత్యక్రియలకు అచ్చువేసే చిన్న పుస్తకం పని నీ మీద పెట్టారట. అందుకే ఈ నాలుగు ముక్కలు.

అలాంటి పుస్తకాలు చాలా చూశాను. చదువు, ఉద్యోగం, పిల్లల పేర్లు, ఏ ఆసుపత్రిలో పోయాడు, మిగతాదంతా ఫొటోలు. నువ్వు ఒక్క పేజీ వంశానికి వదులు. తండ్రి, తాత, ముత్తాత పేర్లతో ఆపకు. ఒక్కొక్కరి తల్లి ఏ వంశపు ఆడపడుచో కూడా రాయి. మన బుకుసు తెగలో తండ్రి వంశంలోనూ, తల్లి వంశంలోనూ పిల్లను చేసుకోం కదా. పట్నంలో పుట్టిన పిల్లలు ప్రేమించుకున్నాక ఈ సంగతి బయటపడితే రెండిళ్లకూ టెన్షనే. ఆడవాళ్ల వైపు లెక్క మా మగవాళ్లకు సరిగా తెలియదు, మీ నానమ్మల దగ్గర కూర్చో.

పుట్టిన సంవత్సరం ఎవర్నీ అడగకు, ఏదో ఒకటి చెప్పేస్తారు. సున్తీ ఏ వయోవర్గంలో, అంటే ఒకే కాలంలో సున్తీ అయినవాళ్ల ఏ జట్టులో అయిందో అడుగు. కోలొంగొలో, కిక్వామెటి, కననాచి, కిన్యికేవు, న్యాంగే, మైనా, చుమా, సావా, ఈ ఎనిమిదే తిరిగి తిరిగి వస్తాయి. ఒక చుట్టు తిరగడానికి సుమారు వందేళ్లు. సున్తీలేమో సరిసంఖ్య సంవత్సరాల్లో, ఆగస్టులో. ముత్తాత మైనా అన్నారనుకో, ఏ చుట్టులో మైనా? అక్కడ 1895 పట్టుకో. వెబుయే దగ్గర చెటాంబేలో మనవాళ్లు తెల్లవాళ్లతో పోరాడిన ఏడాది అది. "అప్పటికి ఆయనకు సున్తీ అయిందా?" అని అడిగితే ముసలివాళ్లు ఠక్కున చెబుతారు. తర్వాతి తరానికైతే వాంగా తెగ రాజు ముమియా పోయిన 1949 పనికొస్తుంది.

పాతిపెట్టాక కుముసె, అంటే పెద్దమనిషి చేత వంశ చరిత్ర ప్రసంగం, చెప్పించాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్నారట. చెప్పించండి. అందరికీ దక్కే మర్యాద కాదది. చెప్పే పెద్దమనిషి జంతుచర్మం కప్పుకుని, చేతికర్రతో జనం మధ్య అటూ ఇటూ నడుస్తూ ఏ వంశం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికెవరు చుట్టం అంతా విప్పుతాడు. ముందే అనుమతి అడిగి రికార్డు చెయ్యి. నడుస్తూ మాట్లాడతాడు కాబట్టి ఒక్క ఫోన్ చాలదు, నాలుగు మూలలా పెట్టండి. మన పక్కన ఇసుఖా, ఇడాఖో తెగల ఇసుకుటి డోళ్ల నృత్యాన్నే 2014లో యునెస్కో అత్యవసరంగా కాపాడుకోవాల్సిన జాబితాలో చేర్చింది. అంత మోత మోగేదానికే ఆ గతి పడితే, ఒక ముసలాయన నోట్లో ఉన్నదాని సంగతేంటి? రాజకీయ నాయకుల ఉపన్యాసాలు ఖననం రోజునే కానిచ్చెయ్యండి. కుముసె నాడు మాత్రం వాళ్లకు మైకు ఇవ్వకండి.

పద్ధతులు మారుతున్నాయని నాకేం దిగుల్లేదు. వితంతువును మరిదికి అప్పగించడం పోతే పోనీ. 2020లో కరోనాకు పదిహేను మందితోనే పాతిపెట్టాం, కొంపలేం మునగలేదు. అప్పుచేసి ఎద్దుల్ని కోయడం నాకెప్పుడూ నచ్చలేదు. చావింట్లో పెట్టే డిస్కో మతాంగా అయితే వద్దంటే వద్దు. రాత్రంతా స్పీకర్లు పెట్టి చేసే ఆ గోలలో ఆడపిల్లలు ఎంత నష్టపోయారో ఊళ్లో అందరికీ తెలుసు.

నా పట్టుదల పాతిపెట్టాక బంధువులు తల గొరిగించుకునే రోజు మీదే. ఇప్పుడు మట్టి వెయ్యగానే అందరూ నైరోబీ బస్సెక్కేస్తున్నారు. చనిపోయినవాడు ఎవరికెంత బాకీ, ఏ ఆవు ఎవరింట్లో ఉంది, చేను హద్దు ఎక్కడ, ఇవన్నీ వెనక ఆ రోజున పదిమందిలో తేలేవి. ఇప్పుడు కోర్టులో తేలుతున్నాయి, ఏళ్లు పట్టి. నువ్వు సెలవు పొడిగించుకో, నోటుబుక్కు పట్టుకుని పెద్దవాళ్ల పక్కన కూర్చో. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసి, ఏది ఎవరు చెప్పారో పక్కన పేరు వెయ్యి. తీర్పు చెప్పడం నీ పని కాదు.

అచ్చుకిచ్చే ముందు ఆ పేజీ కాగితం మీద పెద్ద అక్షరాలతో పంపు. ఫోన్‌లో నాకు కనబడదు, పైగా ఇక్కడ చదివి వినిపించి తప్పులు పట్టించాల్సిన ముసలివాళ్లు ఇంకొందరున్నారు.

మీ తాత