ఇంకో రిమ్ముల సెట్ కొనాలా, ఉన్న రిమ్ములకే వింటర్ టైర్లు ఎక్కించాలా?

చలికాలం కోసం మీరు అడిగిన ఈ ప్రశ్నకు, మీ వివరాలు చూశాక నా జవాబు సూటిగా చెప్తాను: స్టీల్ రిమ్ములతో (రిమ్ము అంటే టైరు ఎక్కించే లోహపు చక్రం) సహా వింటర్ టైర్ల రెండో సెట్ కొనండి. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని వాటర్లూలో ఉంటున్నారు, రోజూ పక్క ఊరు గ్వెల్ఫ్‌లో ఆఫీసుకు వెళ్లి రావాలి, బండి 17 అంగుళాల అల్లాయ్ రిమ్ములున్న 2019 హోండా సివిక్, కనీసం నాలుగేళ్లు ఉంచుకుంటానన్నారు, టైర్లు పెట్టుకోవడానికి ఇంటి ఓనరు గరాజ్‌లో ఓ మూల ఇస్తానన్నారు. వీటిలో ఏదైనా మారితే నా సలహా కూడా మారవచ్చు. అందుకే కారణాలతో సహా రాస్తున్నాను. మేము ఒట్టావాలో ఉంటాం. మా ఇంట్లో రెండు కార్లున్నాయి, రెండు పద్ధతులూ వాడి చూశాం.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే మీరు ప్రధానంగా అడిగింది అదే. టైర్ల ఖర్చు రెండు పద్ధతుల్లోనూ ఒకటే కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి. పైగా వింటర్ టైర్లు తిరిగినన్నాళ్లు మీ పాత టైర్లు అరగవు. మిగిలింది రిమ్ములు. మా దగ్గర మామూలు స్టీల్ రిమ్ములు నాలుగూ, నట్లతో కలిపి, 400 డాలర్లకు కాస్త అటూ ఇటూగా దొరుకుతాయి. ఉన్న రిమ్ముల మీదే టైర్లు మార్పిస్తే, విప్పి, ఎక్కించి, బ్యాలెన్సింగ్ చేసినందుకు ప్రతిసారీ 120 నుంచి 140 దాకా తీసుకుంటున్నారు. రిమ్ములతో ఉన్న సెట్ అయితే 50 నుంచి 70. ఏడాదికి రెండుసార్లు మార్చాలి కాబట్టి తేడా సుమారు 140 డాలర్లు. అంటే మూడో చలికాలం అయ్యేసరికి రిమ్ముల డబ్బు తిరిగొచ్చేస్తుంది. మీరే ఇంటి దగ్గర మార్చుకోగలిగితే ఇంకా ముందే వస్తుంది.

మీ విషయంలో ఇంకో లాభం ఉంది. ఇదే సివిక్‌ను హోండా 16 అంగుళాల రిమ్ములతో, 215/55 ఆర్16 టైర్లతో కూడా అమ్మింది. చలికాలం సెట్‌ను ఆ సైజులో తీసుకోవచ్చు. 17 కంటే 16 అంగుళాల టైర్లు సాధారణంగా చవక. టైరు పక్క గోడ ఎత్తుగా ఉంటుంది కాబట్టి మార్చిలో రోడ్ల నిండా గుంతలు పడ్డప్పుడు రిమ్ము వంగే భయం కూడా తక్కువ.

అయితే నేను రిమ్ములు కొనమనేది డబ్బు కోసం మాత్రమే కాదు. అసలు కారణం నవంబర్. వింటర్ టైరు మంచు కోసమే అనుకుంటాం గానీ, ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి దిగితే చాలు, మామూలు ఆల్ సీజన్ టైరు రబ్బరు గట్టిపడి పొడి రోడ్డు మీద కూడా పట్టు తగ్గుతుంది. కాబట్టి మంచు పడక ముందే మార్చుకోవాలి. కానీ జరిగేది వేరు. వాతావరణ సూచనలో మొదటి మంచు కనపడగానే ఊరంతా ఒకేసారి టైర్ల షాపులకు ఫోన్ చేస్తుంది. రెండు మూడు వారాల దాకా అపాయింట్‌మెంట్ లేదంటారు. మాకు నది అవతల క్యూబెక్. అక్కడ రిజిస్టరైన కార్లకు డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టం ప్రకారం తప్పనిసరి, కాబట్టి నవంబర్ చివర్లో ఆ పక్క షాపుల్లో కూడా దొరకదు. దక్షిణ ఒంటారియోలో అలాంటి చట్టం లేదు. అందుకే చాలామంది చివరిదాకా వాయిదా వేస్తారు, మీ ఊళ్లో రద్దీకి అదే కారణం. రిమ్ములతో సెట్ ఉంటే ఆ టెన్షన్ ఉండదు. చిన్న గరాజ్ అయినా అరగంటలో మార్చేస్తుంది, లేదంటే ఎండ ఉన్న ఓ శనివారం మీరే మార్చుకోవచ్చు. కిచెనర్ నుంచి గ్వెల్ఫ్‌కు వెళ్లే హైవే 7 ఎదురెదురుగా బళ్లు వచ్చే రెండు లేన్ల రోడ్డు. హ్యూరాన్ సరస్సు మీదుగా మంచు గాలి తిరిగిన రోజున ఆ రోడ్డు మీద మీరు అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తూ పాత టైర్లతో వెళ్లకూడదనేదే నా తాపత్రయం.

టైర్ల మీద పడే దెబ్బ రెండో సంగతి. ఉన్న రిమ్ముకే మార్చేటప్పుడు, రిమ్మును పట్టుకునే టైరు అంచును మెషీన్‌తో లాగి విప్పుతారు, మళ్లీ లాగి ఎక్కిస్తారు. చేసేవాడు జాగ్రత్తపరుడైతే ఏమీ కాదు. తొందరపడితే అంచు చిరగవచ్చు, చక్రం లోపల గాలి సెన్సర్ ఉన్న కార్లలో అది విరగవచ్చు. మా ఆవిడ టొయోటా కరోలాకు ఇలాగే ఒక షాపులో సెన్సర్ విరిగింది. అది ముందే పాతబడిపోయిందని చెప్పి కొత్తదాని డబ్బు మా దగ్గరే తీసుకున్నారు. ఇక రోడ్ల మీద చల్లే ఉప్పు ఉండనే ఉంది. అల్లాయ్ రిమ్ము పూత పొక్కులు లేచి, టైరు కూర్చునే చోట తెల్లగా పొడిలా తయారై, అక్కడి నుంచి నెమ్మదిగా గాలి దిగుతుంది. స్టీల్ రిమ్ముకూ తుప్పు పడుతుంది, కానీ బ్రష్‌తో రుద్ది మళ్లీ వాడుకోవచ్చు, పాడైనా కొత్తది చవకే.

సెన్సర్ల గురించి అడిగారు. మీ సివిక్‌లో చక్రం లోపల సెన్సర్లు ఉండవు. చక్రం తిరిగే వేగాన్ని బట్టి గాలి తగ్గిందని కారు కనిపెడుతుంది. కాబట్టి రెండో సెట్‌కు సెన్సర్లు కొనక్కర్లేదు. చక్రాలు మార్చి, గాలి సరిచూసుకున్నాక స్క్రీన్ మీద సెట్టింగ్స్‌లో ఒకసారి కాలిబ్రేషన్ చేస్తే సరిపోతుంది. కరోలా లాంటి కార్లకైతే ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

రిమ్ములు కొనేటప్పుడు ఒక్క విషయం మాత్రం దగ్గరగా చూడండి. సివిక్‌కు అయిదు బోల్టులు, అవి ఉండే వలయం అడ్డుకొలత 114.3 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 64.1. ఇవి షాపువాళ్లే చూస్తారు. చాలామంది గమనించనిది నట్టు ఆకారం. హోండా కంపెనీ రిమ్ములో నట్టు కూర్చునే గుంట గిన్నెలా గుండ్రంగా ఉంటుంది, దానికి తగ్గట్టే నట్టు అడుగు కూడా గుండ్రంగా ఉంటుంది. బయటి కంపెనీ రిమ్ముల్లో ఆ గుంట సాధారణంగా గరాటులా ఏటవాలుగా ఉంటుంది. కారుతో వచ్చిన నట్లే దానికి బిగిస్తే చూడ్డానికి బిగిసినట్టే ఉంటుంది గానీ, ఆనాల్సిన చోట పూర్తిగా ఆనదు, నడుస్తుంటే వదులవుతుంది. కాబట్టి హోండావే పాత స్టీల్ రిమ్ములు దొరికితే మీ నట్లు వాడండి. బయటివైతే వాటికి తగిన నట్లు వేరే కొనాల్సిందే.

టైర్లతో కలిపి సెకండ్ హ్యాండ్ సెట్ తీసుకోవడం మంచి పద్ధతే, వసంతకాలంలో కారు మార్చేవాళ్లు తక్కువకే అమ్మేస్తారు. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు పువ్వు బొమ్మ ఉందో లేదో చూడండి, అది మంచులో పనికొచ్చే టైరని చెప్పే గుర్తు. తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చదవండి. 3821 అంటే 2021లో 38వ వారం. గాడి లోతు 4 మిల్లీమీటర్లకు దగ్గర్లో ఉంటే ఎంత చవకైనా వదిలేయండి, ఆ లోతు తగ్గాక మంచులో అది పెద్దగా పనిచేయదు.

మీరే మార్చుకోవాలనుకుంటే చదునైన సిమెంటు నేల మీద, జాకీతో పాటు స్టాండు కూడా పెట్టి మార్చండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద చెయ్యి పెట్టొద్దు. చక్రం కూర్చునే చోట తుప్పును ఇనుప బ్రష్‌తో రుద్దండి. నట్లు నక్షత్రం గీసినట్టు ఒకదానికి ఎదురుగా ఇంకోటి బిగిస్తూ, చివర్లో టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించామో చూపే పానా) 108 న్యూటన్ మీటర్లకు సరిచేయండి. సుమారు 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూడండి. షాపులో మార్పించినా ఇది మానొద్దు. విప్పిన ప్రతి టైరు మీదా ఎటువైపుదో సుద్దముక్కతో రాసుకోండి. రిమ్ములతో ఉన్నవాటిని ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు, ఉత్త టైర్లయితే నిలబెట్టాలి.

ఒకటి రెండు చలికాలాల్లో కారు అమ్మేసే ఉద్దేశం ఉంటే, లేదా కాండోలో (అపార్ట్‌మెంట్‌లో) ఉంటూ టైర్లు దాచుకునే చోటు లేకుంటే, నేను రిమ్ములు కొనమనేవాణ్ణి కాదు. అలాంటివాళ్లకు కొండా మంచు పువ్వూ గుర్తున్న ఆల్ వెదర్ టైర్లు నయం, ఏడాదంతా అవే ఉంచేయొచ్చు. మంచి వింటర్ టైరుకున్నంత పట్టు వాటికి ఐసు మీద రాదు. టొరంటో నడిబొడ్డున తిరిగేవాళ్లకు సరిపోతాయి, మీ రోడ్డుకు మాత్రం నేను ఒప్పుకోను.

ఇన్సూరెన్స్‌వాళ్లకు తప్పకుండా ఫోన్ చేయండి. ఒంటారియోలో 2016 జనవరి 1 నుంచి వింటర్ టైర్లకు కంపెనీలు తగ్గింపు ఇవ్వాల్సిందే. రిమ్ములు వేరే ఉన్నాయా లేదా అన్నది వాళ్లకు అనవసరం. బిల్లు దాచుకోండి, అడగవచ్చు.

చివరగా, సివిక్ ముందు చక్రాలతో నడిచే బండి కాబట్టి ముందు రెండింటికే వింటర్ టైర్లు చాలని మీ రూమ్మేట్ అన్నట్టు రాశారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు పట్టు ఉండి వెనక లేకపోతే, మలుపులో బ్రేకు తొక్కగానే వెనక భాగం పక్కకు జారి కారు గిర్రున తిరుగుతుంది. డబ్బు సరిపోకపోతే ఈ ఏడాదికి రిమ్ములు మానేసి, ఉన్నవాటికే నాలుగు టైర్లూ వేయించుకోండి. వచ్చే ఏడాది రిమ్ములు తీసుకోవచ్చు.