మీరడగండి: కాటి సీనుకు కత్తెర ఎక్కడ వేయాలి?

ప్రశ్న: చాలా ఏళ్ల తర్వాత మా సమాజం మళ్లీ ‘సత్యహరిశ్చంద్రీయం’ వేస్తోంది. కొత్త దర్శకుడు నాటకాన్ని రెండు గంటలకు కుదిస్తానంటున్నాడు. హార్మోనియం బదులు రికార్డు ట్రాకు పెడతాడట. ప్రేక్షకుల్లో సగం మంది ఒడియా వాళ్లు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: కుదించండి. తెల్లవార్లూ కూర్చునే జనం ఇప్పుడెక్కడున్నారు? ట్రాకు మాత్రం వద్దు. పద్యానికి తాళం లేదు. ఏ మాట దగ్గర ఆగాలో, ఏ స్వరం మీద నిలవాలో ఆ రాత్రి నటుడి ఊపిరే చెబుతుంది, హార్మోనిస్టు దాన్ని వెంబడిస్తాడు. ట్రాకు పెడితే నటుడే దాని వెనక పరుగెత్తి, రెండో పాదానికే మాటలు మింగేస్తాడు. హార్మోనిస్టును వేదిక పక్కన, నటుడి నోరు కనబడేచోట కూర్చోబెట్టండి. జనానికి వీపు పెట్టి నిలబెట్టే కొత్త భంగిమలు ఉంటే వచనం దగ్గర వాడుకోమనండి.

ఇక కత్తెర. ఉత్పలమాల, చంపకమాల వంటి వృత్తాల్లో నాలుగు పాదాలకూ ప్రాస ఒకటే. అన్వయం తరచు చివరి పాదంలో గాని తేలదు. కాబట్టి పాదం తీయకూడదు, తీస్తే పద్యమంతా తీయాలి. దానికంటే ముందు రాగం తగ్గించి చూడండి. ఎత్తుగడకు పది సెకన్లు చాలు, సాగదీత చివరి పాదానికి ఉంచండి. పద్యానికి నిమిషం మిగిలినా ముప్ఫై పద్యాలకు అరగంట కలిసొస్తుంది. వన్స్‌మోర్‌లు మానేస్తే ఇంకొంత. కాటి సీనులో పాడే ‘శ్మశానవాటి’ పద్యాలు జాషువావి, నాటకం రాసిన బలిజేపల్లివి కావు కదా అని కొందరు ముందు వాటికే ఎసరు పెడతారు. సగం జనం వచ్చేదే వాటికోసం!

ఐదు, ఆరు శ్రుతుల్లో, అంటే అంత హెచ్చు స్థాయిలో పాడడం మైకులు లేని రోజుల అవసరం. ఒకటో ఒకటిన్నరో దించితే మాట తేటగా వినబడుతుంది, కాటి సీను దాకా గొంతు మిగులుతుంది. అయితే మొదటి రిహార్సల్ నుంచే దించాలి. చివరి వారంలో దించితే నటుడు అలవాటుకొద్దీ పాత స్థాయికే ఎక్కుతాడు, లేదా కింది స్వరాలు అందక గాలి ఒక్కటే వస్తుంది.

హరిశ్చంద్రుడి కథ ఒడియా వాళ్లకు కొత్తేమీ కాదు. రంగానికి ముందు సూత్రధారి చేత ఒడియాలో మూడు వాక్యాలు చెప్పించండి. తెర మీద అక్షరాలు వేయాలనుకుంటే, పద్యం ఎత్తుకోకముందే భావం రెండు పంక్తుల్లో చూపి ఆర్పేయండి. లేకపోతే నటుడి మొహం చూసేవాళ్లు ఉండరు.

ప్రశ్న: కాటి సీనుకు పొగ యంత్రం, ఎల్ఈడీ తెర పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: పొగ పాడేవాళ్ల గొంతు ఎండగడుతుంది. యంత్రాన్ని వెనక మూలన పెట్టి, ముందే కాస్త వదిలి, హరిశ్చంద్రుడు రాకముందే ఆపేయండి. ఫ్యాను గాలి అతని వైపు రాకూడదు. ఎల్ఈడీలో చితిమంటలు ఆడిస్తే వెనక వెలుగు ఎక్కువై మొహం నల్లబడుతుంది. కదలని బొమ్మ పెట్టి వెలుతురు సగానికి తగ్గించండి. నీలం లైటు ఒక్కటే వేస్తే పెదవులు కనబడవు, పక్కనుంచి పసుపు లైటు కలపండి. చంద్రమతి కొడుకు మీద పడి ఏడ్చేచోట పొగ అసలే వద్దు. ఆ పద్యం మధ్యలో ఆమెకు దగ్గొస్తే జనం నవ్వేస్తారు.