అమ్మకు కీమో.. నాకు కంటి మీద కునుకు లేదు

ప్రశ్న: నా వయసు 38. అమ్మకు రొమ్ము క్యాన్సర్. మూడు వారాలకోసారి ఖమ్మం నుంచి హైదరాబాద్ తీసుకెళ్లి కీమో చేయిస్తున్నాం. నాలుగు అయ్యాయి. జ్వరం వస్తుందేమోనని రాత్రి గంటకోసారి లేచి అమ్మ నుదురు పట్టి చూస్తున్నా. నెల నుంచి నిద్ర, ఆకలి లేవు. మొన్న అన్నం తినడం లేదని అమ్మ మీద గట్టిగా అరిచేశాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది. నేనూ డాక్టర్‌ను కలవాలా?
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: కలవాలి. ఈ వారమే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. నిద్ర, ఆకలి పోవడం, చిరాకు, తన మీద తనకే అసహ్యం రెండు వారాలు దాటినా తగ్గకపోతే డిప్రెషనేమోనని చూస్తాం. మీకు నెలయింది. అమ్మ మీద ప్రేమ తగ్గి అరవలేదు, ఒళ్లు అలిసిపోయి అరిచారు. కీమో తర్వాత చాలామందికి నోరు చేదుగా, ఇనుము నాకినట్టు ఉంటుంది. ఆమె వద్దన్నది మెతుకును, మిమ్మల్ని కాదు.

ముందు ఆ నుదురు పట్టి చూడడం ఆపండి. చేత్తో చూస్తే జ్వరం సరిగా తెలియదు, అనుమానమూ తీరదు. అందుకే గంటకోసారి లేస్తున్నారు. డిజిటల్ థర్మామీటర్ కొనండి. పడుకునే ముందు ఒకసారి, తెల్లవారాక ఒకసారి చూడండి. మధ్యలో చలి, వణుకు, ఒళ్లు వేడి అనిపిస్తే లేపమని అమ్మకు చెప్పి, చేతికి అందేలా చిన్న గంట పెట్టండి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగొద్దు. ఈ అంకె, ఆసుపత్రి ఫోన్ నంబరు గోడకు అంటించండి.

ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు సాధారణంగా కీమో అయిన రెండో వారంలో బాగా పడిపోతాయి. మీకు టెన్షన్ ఎక్కువగా ఉండేదీ అప్పుడే. ఆ వారంలో రెండు రాత్రులైనా తోబుట్టువులో, పిన్నో, మీ వారో అమ్మ పక్కన పడుకోవాలి. 'కాస్త సాయం చేయండి' అంటే ఎవరూ కదలరు. 'మంగళవారం రాత్రి నువ్వుండాలి' అని అడగండి. మీరు వేరే గదిలో పడుకోండి.

నిద్రమాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. డిప్రెషన్‌కు మందు రాస్తే భయపడకండి, అది వ్యసనంగా మారదు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి.

చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో ఒకరికైనా ఆ మాట చెప్పండి.